ఎస్తేరు చూడకుండా రాసిన అంకెలు

ఉరవకొండ పాత బస్టాండు వెనక వీధుల్లో ఎస్తేరు అన్న పేరుతో నలుగురైదుగురు ఉంటారు. టపా సుంకన్న కూతురు ఎస్తేరు అంటే మాత్రం ఒక్కతే. నలభై మూడేళ్ల మనిషి. ఇంటరు దాకా చదువుకుంది. మొగుడు ఇమ్మానుయేల్ పుట్టపర్తిలో ఒక లాడ్జీలో పని చేస్తూ పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తాడు. తల్లి పోయినప్పటి నుంచి తండ్రి సుంకన్న ఆమె దగ్గరే ఉన్నాడు.

సుంకన్న ముప్పై ఆరేళ్లు టపా మోశాడు. బెళుగుప్ప పోస్టాఫీసులో సంచి తీసుకుని చుట్టూ ఉన్న ఐదు పల్లెలకు పోయేవాడు. దారి ఉంటే సైకిలు మీద, లేకుంటే వేరుశనగ చేల గట్ల మీద నడుచుకుంటూ. చదువు రానివాళ్లకు ఉత్తరం చదివి వినిపించేవాడు, వాళ్లు చెబితే రాసిపెట్టేవాడు. చదివిన సంగతి ఆ గడప దాటనిచ్చేవాడు కాదు. కోడలి మీద అత్త రాయించిన ఉత్తరమూ, అత్త మీద కోడలు రాయించిన ఉత్తరమూ రెండూ తన చేతి రాతే అయినా ఒకరి మాట ఒకరికి తెలిసేది కాదు. అందుకే ఆ ఐదు పల్లెల్లో ఆయన మాటకు విలువ ఉండేది.

ఆ విలువే ఎస్తేరుకు ఉద్యోగంలో పనికొచ్చింది. మూడేళ్ల కిందట బెంగళూరు డాక్టర్లు కొందరు ఈ పక్క పల్లెల్లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. అరవై దాటినవాళ్ల మెదడును యంత్రంలో ఫోటో తీస్తారు. మూడేళ్లాగి మళ్లీ తీస్తారు. ఈ మధ్యలో మూడు నెలలకొకసారి ఇంటికి పోయి బీపీ చూడాలి, ఏడాదికొకసారి నడకా జ్ఞాపకమూ చూడాలి. ఆ పల్లెల్లో తిరగడానికి మనుషులు కావాలంటే ఎస్తేరు దరఖాస్తు పెట్టుకుంది, చేరింది.

చేరినప్పుడు వారం రోజులు నేర్పించారు. మెదడు లోపలి భాగమంతా తెల్లటి సన్నని తీగల కట్టలు. ఈ మూల నుంచి ఆ మూలకు కబురు మోసేవి అవే. వయసు పైబడే కొద్దీ, బీపీ ఎక్కువైన కొద్దీ, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు గట్టిపడి మూసుకుపోతాయి. రక్తం అందని చోట ఆ తీగలు చెడతాయి. చెడిన చోట ఫోటోలో తెల్ల మచ్చ కనబడుతుంది. అరవై దాటిన చాలామందికి ఎంతో కొంత ఉంటుంది. అది ఎంత తొందరగా పెరుగుతోంది, ఎవరిలో పెరుగుతోంది, ఎందుకు పెరుగుతోంది, ఇది తెలుసుకోవడమే ఆ డాక్టర్ల పని.

ఎస్తేరు ఈ మాటలన్నీ పల్లెల్లో చెప్పింది. విన్నారు గానీ యంత్రంలో పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గుహలాంటి దాంట్లో తల దూరుస్తారట, లోపల సుత్తులతో కొట్టినట్టు శబ్దం వస్తుందట, ప్రాణంతో బయటికి వస్తామో లేదో అని భయపడ్డారు. అప్పుడు సుంకన్న లేచాడు.

"ముందు నేను పండుకుంటా. నాకేమన్నా అయితే మీరెవరూ రావద్దండి" అన్నాడు మారెక్క అనే ముసలామె ఇంటి ముందర నిలబడి.

ఆయన అనంతపురం పోయి, యంత్రంలో అరగంట పడుకుని, తిరిగి వచ్చి ఐదు పల్లెలూ నడిచి చెప్పాడు. ఆ నెలలోనే ఆయనతో కలిపి తొంభై ఆరుమంది పేర్లు రాయించుకున్నారు.

ఆ మొదటిసారే సుంకన్నకు బీపీ ఎక్కువ ఉందని తేలింది. నూట అరవై పైన. సర్కారు ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి నూట ముప్పైకి దిగింది. మచ్చలు కొద్దిగా ఉన్నాయి, భయపడాల్సింది లేదన్నారు.

తప్పు రెండో ఏడాది మొదలైంది.

అది మే నెల. ఎస్తేరు పొద్దున్నుంచి పల్లెలు తిరిగి, ఎండకు కళ్లు మండుతూ ఇల్లు చేరింది. ఆ సాయంత్రానికి అంకెలన్నీ ట్యాబులో ఎక్కించేయాలి. అందరివీ అయినాయి, తండ్రిది ఒక్కటే మిగిలింది. ఆయన వాకిట్లో మంచం మీద నిద్రపోతున్నాడు. బీపీ చూడటానికి చేతికి కట్టే పట్టీ సంచిలోనే ఉంది. లేపితే లేస్తాడు. కానీ లేపి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మధ్యలో విరామమిస్తూ మూడుసార్లు చూడాలి. ఇంట్లో మనిషే కదా, రోజూ కళ్లముందరే ఉన్నాడు కదా అనుకుంది. పోయినసారి ఎంత ఉందో చూసి దాని చుట్టుపక్కల మూడు అంకెలు రాసింది. నూట ముప్పై, నూట ఇరవై ఎనిమిది, నూట ఇరవై ఆరు. మూడూ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని వేరు వేరుగా రాసింది. తరవాత ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు తెప్పించింది ఈ సంగతే. అలసిపోయి తప్పు చేసిన మనిషికి, ఆ తప్పు పట్టుబడకుండా చూసుకునే ఓపిక మాత్రం ఎక్కణ్నించి వచ్చింది?

ఆయన లేచాక, "నాయనా, నీ బీపీ బాగుండాది. నూట ఇరవై ఎనిమిది" అని చెప్పింది.

"అట్లనా, మంచిదే" అన్నాడు.

తరవాతి మూడు నెలలకూ అంతే. ఆ తరవాతా అంతే. తొంభై ఐదుమందివి మాత్రం ఎండలోనూ వానలోనూ పోయి, పట్టీ కట్టి, నియమం తప్పకుండా చూసేది. అది నిజం. ఇంట్లో మనిషిది మాత్రమే ఎనిమిదిసార్లు చూడకుండా రాసింది.

మూడో ఏడాదికి సుంకన్న మారిపోయాడు. ముప్పై ఆరేళ్లు నడిచిన కాళ్లు నేలకు అతుక్కున్నట్టు జరిగేవి. చెప్పులు ఈడ్చుకుంటూ చిన్న చిన్న అడుగులు వేసేవాడు. ఒక మాట అడిగితే ఎంతసేపటికో జవాబు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అరగంట. ఏడాది నడక పరీక్షలో నాలుగు మీటర్లు నడవమంటే మామూలుకు రెండింతల సమయం పట్టింది. "సరిగ్గా నడువు నాయనా, నాకు పని ఉండాది" అని ఎస్తేరు మళ్లీ నడిపించింది. మూడుసార్లు నడిపించి, వాటిలో మంచిది రాసుకుంది.

చర్చిలో జరిగింది మాత్రం ఆమె ఏనాటికీ మరచిపోలేదు. ఆరాధన అయిపోయి అందరూ బయటికి వస్తున్నారు. సుంకన్న మెట్ల మీద ఆగిపోయాడు. వెనకవాళ్లు ఆగారు. ఆయన పంచె తడిసిపోయింది. మెట్ల మీదికి కారింది. ఆడవాళ్లు తల తిప్పుకున్నారు. ఎస్తేరు ఆయన రెక్క పట్టుకుని కిందికి లాగింది.

"పోవాలని తెలిసినప్పుడు లేసి పోవాల గదా. నువ్వేమన్నా చిన్నపిల్లోడివా? పల్లెల్లో శానామంది ముసలోళ్లను చూస్తాండా. నీ మాదిరి మొండికి పడినోళ్లను యాడా చూడలేదు."

ఆమె గొంతు అందరికీ వినిపించింది. సుంకన్న తల వంచుకుని, "కాళ్లు రాలేదు పాపా. పోదామనుకుంటి, రాలేదు" అన్నాడు.

ఆ వారమే ఎస్తేరు తిప్పన్న అనే ఆయన ఇంట్లో ఆయన కొడుకుకు బుద్ధి చెప్పి వచ్చింది. పెద్దవాళ్లకు నడక తగ్గినా, ఉచ్చ ఆగకపోయినా కసురుకోవద్దు, అది మెదడులో సంగతి కావచ్చు, మాకు చెప్పండి అని. తన ఇంటికి వచ్చేసరికి ఆ మాట ఆమెకు తట్టనేలేదు. సుంకన్న ఆ తరవాత చర్చికి పోలేదు. రమ్మని ఆమె పిలవలేదు కూడా.

మూడేళ్లు నిండాయి. రెండోసారి ఫోటోలు తీశారు. పది రోజులకు అనంతపురం ఆఫీసుకు రమ్మని డాక్టర్ విజయభాస్కర్ ఫోన్ చేశాడు. పరిశోధన చూసుకునేది ఆయనే. మెత్తని మనిషి, ఎవరినీ గట్టిగా అనడు.

ఆయన కంప్యూటరు మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. మొదటిదాంట్లో మెదడు మధ్యనున్న నల్లటి ఖాళీల అంచున సన్నని తెల్ల గీత, అక్కడక్కడ చుక్కలు. రెండోదాంట్లో గీత మందమై బయటికి పాకింది. చుక్కలు ఒకదాన్నొకటి అంటుకుని పెద్ద మచ్చలయ్యాయి.

"ఇది మీ నాయనగారిది. పేరు తెలియకుండా ఇద్దరు వేరు వేరుగా కొలిచారు. ఇద్దరికీ ఒకే కొలత వచ్చింది. మూడేళ్ల కింద ఏడు మిల్లీలీటర్లు. అంటే చెంచాన్నర అనుకోండి. ఇప్పుడు పంతొమ్మిది. నాలుగు చెంచాలకు కొద్దిగా తక్కువ" అన్నాడు. "ఈమధ్య ఆయన నడక నిదానించిందా? మాట ఆలస్యమవుతోందా? మూత్రం ఆపుకోలేకపోతున్నారా?"

ఎస్తేరు తలూపింది.

"దీనివల్లే. ఆయన చేతిలో లేదు. నాకు అంతుబట్టనిది వేరే ఉంది. రెండేళ్లుగా బీపీ ఒక్కసారి కూడా నూట ముప్పై దాటలేదు. అంత బాగున్న మనిషికి ఇంత తొందరగా ఎందుకు పెరిగాయి? ఫోటో తీసిన రోజు నర్సు చూస్తే నూట ఎనభై నాలుగు వచ్చింది గానీ, యంత్రం భయమనుకున్నాం. బీపీ కాకుండా వేరే కారణమేదో ఉండాలి. వచ్చే నెల సమావేశంలో దీన్ని ప్రత్యేకంగా చూపిద్దామనుకుంటున్నా. మీ రికార్డులు అంత శుభ్రంగా ఉన్నాయి కాబట్టే ధైర్యంగా చెప్పగలుగుతున్నా, ఎస్తేరమ్మా."

ఆయన ఎస్తేరుకు టీ తెప్పించాడు. తాగింది. ఒక్క మాట చెప్పకుండా బయటికి వచ్చి బస్సెక్కింది. కూడేరు దాటేదాకా ఆమెకు కిటికీ బయట ఏమీ కనబడలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఎవరికీ తెలియదు అన్న మాట ఒకటికి రెండుసార్లు మనసులోకి వచ్చింది. వచ్చినందుకు ఇంకా సిగ్గుపడింది.

ఇల్లు చేరగానే తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి, పట్టీ కట్టింది. నూట డెబ్బై ఎనిమిది. మళ్లీ నూట డెబ్బై నాలుగు. మళ్లీ నూట డెబ్బై ఆరు.

"నాయనా, మాత్రలు ఏసుకుంటాండావా?"

సుంకన్న ఆలోచించాడు. "ఎప్పుడో మానేస్తి గదా" అన్నాడు.

"ఎప్పుడు మానేస్తివి? ఏమిటికి?"

"నువ్వే బాగుండాదంటివి. బాగున్నప్పుడు మాత్ర ఏమిటికని."

"నేను పట్టీ కట్టకనే చెప్తాంటి గదా నాయనా. నీకు తెలీలేదా?"

"కట్టలేదని తెలుసు. కొత్త మిషను ఏమన్నా వచ్చిందేమో, దూరం నుంచే తెలుస్తాదేమో అనుకుంటి. డాక్టర్ల కాడ పని చేస్తాండావు, నీకు తెలీకుండా చెప్తావా?"

ఎస్తేరు ఆయన ముందర నేల మీద కూర్చుంది. అన్నీ చెప్పింది. చూడకుండా రాశానని, బద్ధకించానని, ఆయన మెదడులో మచ్చలు పెరిగాయని, నడక రానిది దానివల్లేనని, పంచె తడిసింది దానివల్లేనని చెప్పింది. ఎంతవరకు ఆయన తలకెక్కిందో ఆమెకు తెలియలేదు.

"అయితే," అన్నాడు చివరికి, "చర్చి కాడ నేను మొండికి పడింది కాదా?"

"కాదు నాయనా."

"నువ్వట్ల అంటే నేనూ అదే అనుకుంటి. ముసలితనంలో నాకెందుకొచ్చింది ఈ పాడు బుద్ధి అనుకుంటాంటి ఇన్నాళ్లూ."

ఏడాదిగా ఆయన తలెత్తకుండా తిరుగుతున్నది కోపంతో అనుకుంది ఎస్తేరు. సిగ్గుతో అని ఆమెకు అప్పుడు తెలిసింది. తాను పడాల్సిన సిగ్గు ఆయన మోశాడు. ఆమె ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉండిపోయింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

మర్నాడు తండ్రిని ఆసుపత్రిలో చూపించి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించి, అట్నుంచి అటే అనంతపురం పోయింది. డాక్టర్ విజయభాస్కర్ ముందు నిలబడే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా నాయనవి ఎనిమిదిసార్లు నేను చూడకుండా రాసినా సార్. ఆయన మాత్రలు కూడా మానేసినాడు. నిన్న చూస్తే నూట డెబ్బై ఆరు ఉండాది. మీరు ఆ సమావేశంలో చెప్పొద్దండి."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకెవరివి ఇట్ల రాశారు?"

"ఇంకెవరివీ లేవు సార్."

"ఆ మాట నేనెట్ల నమ్మాలి?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే అడిగాడు. తన మాటకు విలువ లేని చోట నిలబడి ఉండటం ఎలా ఉంటుందో ఎస్తేరుకు అంతకుముందు తెలియదు. టపా సుంకన్న కూతురిగా పుట్టినదానికి ఆ అనుభవం ఎన్నడూ రాలేదు.

"మూడేళ్లుగా మనం వెతుకుతున్నదే ఇది కదమ్మా," అన్నాడాయన, "బీపీకీ ఈ మచ్చలకూ సంబంధం ఎంత అని. మీ నాయనగారి మెదడు సరిగ్గానే చెప్పింది. కాగితమే అబద్ధం చెప్పింది. నేను కాగితాన్ని నమ్మి మెదడును అనుమానించా." ఆయన తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

ఆ ఆదివారం సుంకన్నను చర్చికి తీసుకుపోయింది. ఒక గంట ముందే బయలుదేరి, ఆయన అడుగుకు తన అడుగు కలుపుతూ నడిచింది. సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అని పాస్టరు అన్నప్పుడు లేచి నిలబడింది.

"పోయినేడు ఈ మెట్ల మీద మా నాయనను మీ అందరి ముందర తిట్టినా. ఆయన మొండికి పడలేదు. ఆయన తలలో జబ్బు ఉండాది. దాన్ని కనిపెట్టాల్సిన పని నాదే. నేను పని ఎగ్గొట్టి బాగుండాడని రాసినా. తప్పు నాది, ఆయనది కాదు."

బయటికి వచ్చాక ఇద్దరు ఆడవాళ్లు సుంకన్నను పలకరించారు. ఎస్తేరును పలకరించలేదు.

ఆఫీసు వాళ్లు ఆమె చూసిన అంకెలన్నీ పక్కన పెట్టారు. కళ్యాణదుర్గం పక్క పనిచేసే జయరాం అనే యాభై ఏళ్ల మనిషిని పిలిపించారు. తొంభై ఐదు ఇళ్లకూ ఆయనతో కలిసి ఎస్తేరు మళ్లీ పోవాలి. పట్టీ ఆయన కడతాడు. ప్రతి మనిషినీ, ఈమె నిజంగా వచ్చేదా, చేతికి కట్టి చూసేదా అని అడుగుతాడు. ఆమె పక్కనే నిలబడి వినాలి. ఊరి ఆసుపత్రి చీటీల్లో ఉన్న అంకెలతో ఆమె అంకెలు పోల్చి చూస్తాడు.

మొదటి పల్లెలో ఏమిటికమ్మా మళ్లీ వచ్చినారని అడిగితే, "లెక్కలు సరిచూడాలంట" అని చెప్పి తప్పించుకుంది. నాలుగు ఇళ్లు అలాగే చెప్పింది. మారెక్క ఇంటికి వచ్చేసరికి ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. మారెక్కకు డెబ్బై నాలుగేళ్లు. తన ఇంటి ముందర నిలబడి సుంకన్న చెప్పిన మాట నమ్మి, అందరికంటే ముందు పేరు రాయించుకున్న మనిషి.

ఎస్తేరు ఉన్నదున్నట్టు చెప్పింది. మారెక్క కాళ్లు చాపుకుని కూర్చుని అంతా విన్నది.

"మాదంతా సరిగ్గా చూసినావా?"

"చూసినా అవ్వా."

"మూడు తూర్లు కట్టేదానివి. నాకు గుర్తుండాది. మరి మీ నాయనది ఏమిటికి చూడలేదు?"

"ఇంట్లోనే ఉండాడు గదా అనుకుంటి."

మారెక్క ఆమె మొహంలోకి చూసింది. ఎస్తేరు చూపు దించుకుంది. ముసలామె చెయ్యి చాచి, జయరాం వైపు తిరిగి, "నువ్వు కట్టు నాయనా" అంది. పట్టీ తీసి ఇవ్వబోయిన ఎస్తేరు చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

పని అయ్యేసరికి నలభై రోజులు పట్టింది. తొంభై ఐదుమంది అంకెలూ సరిగ్గా ఉన్నాయని జయరాం రాసిచ్చాడు. సుంకన్న బీపీ అంకెలు కొట్టేశారు. ఫోటోలు మాత్రం ఉంచుకున్నారు. ఎస్తేరును పూర్తిగా తీసేయలేదు గానీ, పట్టీ, ట్యాబు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడామె పని ముసలివాళ్లను వ్యానులో అనంతపురం తీసుకుపోయి తీసుకురావడం. యంత్రం ముందు భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా, "నువ్వింతకు ముందు బీపీ చూసేదానివి గదా" అంటే, ఎందుకు చూడటం లేదో చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ మొహం వేడెక్కుతుంది. అది తగ్గుతుందేమో అనుకుంది, తగ్గలేదు.

మాత్రలతో సుంకన్న బీపీ దిగింది. మచ్చలు వెనక్కి పోవని, కొత్తవి నిదానంగా రావచ్చని డాక్టరు చెప్పాడు. నడక కొద్దిగా కుదుటపడింది. గంటకొకసారి గుర్తుచేసి తీసుకుపోతుంటే పంచె తడవడం తగ్గింది.

ఇంట్లో సొంతంగా ఒక బీపీ మిషను కొన్నారు. పొద్దున ఎస్తేరు పట్టీ కడుతుంది, అంకె మాత్రం చెప్పదు. మిషను ఆయన వైపు తిప్పి పెడుతుంది. ఆయనే చూసి, పెన్ను పట్టుకుని నోటుబుక్కులో రాసుకుంటాడు. ఒక అంకె రాయడానికి ఎంతోసేపు పడుతుంది. మొన్న నూట ముప్పై ఎనిమిది అని మిషను చూపిస్తే, నూట ఎనభై మూడు అని రాశాడు.

"ఇంగొకతూరి చూడు నాయనా" అంది ఎస్తేరు.

ఆయన మిషను వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, మళ్లీ మిషను వైపు చూశాడు. వ్యాను వచ్చి వీధిలో హారను కొట్టింది. ఎస్తేరు లేవలేదు. ఆయన రాసింది కొట్టేసి, పక్కన మళ్లీ రాయడం మొదలుపెట్టేదాకా కూర్చునే ఉంది.